ఒక మనిషికి ఒక నంబరు

1992 జూన్ 8, సోమవారం

ఉద్యోగంలో చేరాను. ఆఫీసంటే ఎరువుల దుకాణం మీద రెండు గదులు. కింద నుంచి పురుగుల మందు వాసన వస్తుంది. కిటికీలోంచి నారాయణఖేడ్ బస్ డిపో అంతా కనిపిస్తుంది.

డాక్టర్ సంగమేశ్వర్ రెండే ప్రశ్నలు అడిగారు. చేతిరాత చూపించమన్నారు. మాట్లాడకుండా ఎంతసేపు కూర్చోగలవన్నారు. రెండోదానికి నేను ఏమీ చెప్పలేదు. అదే జవాబనుకున్నారేమో, ఇప్పుడే కూర్చోమన్నారు.

పని ఇది. ఫిట్స్ వచ్చినవాళ్ల తల స్కాన్ ఫిల్ములు ఐదు దవాఖానల నుంచి ఇక్కడికి వస్తాయి. మెదడులో చిన్న మచ్చ కనిపిస్తే కొన్నిచోట్ల ఆపరేషన్ చేస్తున్నారు, కొన్నిచోట్ల నెలల తరబడి క్షయ మందులు ఇస్తున్నారు. ఆ మచ్చల్లో చాలావరకు వాటంతటవే పోతాయని సార్ అనుమానం. అది తేలాలంటే ఒకే మనిషి ఫిల్ములు రెండు కావాలి, అప్పటిదొకటి, ఇప్పటిదొకటి. కానీ ఒక దవాఖాన తండ్రి పేరుతో కవర్లు పెడుతుంది. ఒకటి ఊరి పేరుతో, ఒకటి తారీఖుతో, ఇంకొకటి మెషీను ఇచ్చిన అంకెతో. ఐదో చోట ఏ వరసా లేదు. బియ్యం సంచిలో వేసి పంపారు.

"ఐదు చోట్లవీ ఒకే పుస్తకంలా చదవగలగాలి. ఎవరు తెరిచినా, ఎక్కడ తెరిచినా ఒకే తీరు ఉండాలి," అన్నారు సార్.

కాన్వెంటులో లైబ్రరీ బీరువాలు నేనే సర్దేదాన్ని. ఆటల పీరియడ్లో దాక్కుంటున్నానని సిస్టర్ అప్పగించిన పని. ఇదీ అలాంటిదే. మనుషులతో పని ఉండదు.

జూన్ 10

ఫిల్ము అంచు వేలికి కోసుకుంది. బియ్యం సంచిలోంచి పురుగులు కూడా వచ్చాయి.

జూన్ 13

అక్క పట్నం నుంచి వచ్చింది. పెద్ద దవాఖానలో స్కాన్ తీశారు. మెదడులో మచ్చ ఉందట. ఆపరేషన్ చేసి తీసేస్తారట. జూలై 27న వచ్చి చేరమన్నారు.

అవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "తల తెరుస్తరంట. కొబ్బరికాయనా బిడ్డా?" అంది. అక్క నవ్వి, కొబ్బరికాయ అయితే మళ్లీ మూయరు అవ్వా, వీళ్లు మూస్తరు అంది. తర్వాత బట్టలు ఉతుక్కుంది.

అక్క కల్హేర్ సర్కారు బడిలో టీచరు. పోయిన ఏడాది ఒకసారి పడిపోయింది, ఇంట్లో. ఈ ఏప్రిల్‌లో ఇంకోసారి, క్లాసులో, పిల్లల ముందు. మొదటిసారి పడ్డప్పుడు పాస్టరు గారు సోలాపూర్ తీసుకెళ్లి స్కాన్ తీయించారు. ఆయన రాయించిన పేరు హన్నమ్మ. చర్చిలో అక్క పేరు అదే. పట్నంలో నౌకరీ కాగితాలు చూపించింది కాబట్టి నీలమ్మ. పాత స్కాన్ సంగతి పట్నం డాక్టర్లకు చెప్పలేదు. చెబితే ఆ పేరూ చెప్పాలి.

నీలమ్మకు ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. ఆ సర్టిఫికెట్ మీదే నౌకరీ వచ్చింది. హన్నమ్మ క్రైస్తవురాలు, ఆమెకు ఆ సర్టిఫికెట్ ఉండదు. పక్క మండలంలో ఒకాయన చర్చి పెళ్లి కార్డును ఎవరో అర్జీకి జతచేసి పంపారు. ఆయన నౌకరీ పోయి ఇప్పుడు కంకర మిషను దగ్గర పనిచేస్తున్నాడు.

నాకు భయమేమీ లేదు. పెద్ద దవాఖాన. వాళ్లకు తెలుసు.

జూన్ 16

సోలాపూర్ స్కాన్ సెంటరు కూడా మా ఐదింటిలో ఒకటి. ఈ సంగతి చేరిన రోజే తెలుసు. పట్నం పెద్ద దవాఖాన కూడా. ఇదీ తెలుసు.

సొలొమోనన్న మా ఆఫీసు తరఫున ఊళ్లు తిరిగి ఫిట్స్ గోలీలు ఇస్తాడు. ఎవరికి మళ్లీ ఫిట్స్ వచ్చాయో రాసుకొస్తాడు. ఆయన మోపెడ్ చప్పుడు డిపో మలుపులోనే వినిపిస్తుంది. ఇవాళ బోరంచ ఊరి ఫిల్ములు ముందు పెట్టుకుని ఈ నీలమ్మ ఏ నీలమ్మ అని అడిగాను. వేరే నీలమ్మల గురించే అడిగాను.

"బోరంచల రాయి ఇసిరితే ఒక నీలమ్మకు తగుల్తది. గురి తప్పితే ఇంకో నీలమ్మకు తగుల్తది."

"ఇంటిపేరు రాస్తే?"

"ఇంటిపేర్లు గూడ గవే. నొసట్ల నంబరెయ్యి, గొర్లకేసినట్టు."

సాయంత్రం సార్‌కు ఒక ఆలోచన చెప్పాను. మనిషికి ఎన్ని పేర్లుంటే అన్నీ పక్కపక్కన రాయాలి. అప్పుడే రెండు ఫిల్ములు కలుస్తాయి. "ఇంకో పేరు" అని ఒక కాలం గీసి చూపించాను. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు మాట్లాడతవన్న సంగతి నాకు చెప్పలేదే," అన్నారు. కార్డులు అచ్చుకు పంపమన్నారు.

ఎందుకు గీశానో నాకు తెలుసు. పని బాగా జరగాలని.

జూన్ 20

సొలొమోనన్నతో బోరంచ వెళ్లాను. నేను రాయాలి, ఆయన అడగాలి.

మొదటి ఇంట్లో హన్మమ్మ అనే పెద్దావిడ. పేరు చెప్పింది, వయసు అటూఇటూగా చెప్పింది, కూర్చోమని పీట వేసింది. ఇంకో పేరు ఏమన్నా ఉందా అంటే నా వైపు చూసింది.

"ఇంకో పేరు ఎందుకు బిడ్డా? ఫిట్స్ ఒక్క పేరుకే వస్తయి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నవ్వు అయ్యాక ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. రెండో ఇంట్లో గోలీలు తీసుకున్నారు గానీ పేరే చెప్పలేదు. మూడో ఇంట్లో మంచం లోపలికి లాక్కుని తలుపు దగ్గరికేశారు. ఆ ఇంటి కొడుకు స్తెఫను కరెంటాఫీసులో పనిచేస్తాడు. అతను మాత్రం బయటికి వచ్చి కార్డు చేతిలోకి తీసుకుని చదివాడు.

"గీ కాలం ఎవలు పెట్టమన్నరు?"

నేనే అన్నాను.

"గీ కాయితం ఏడేడికి పోతది?"

"ఐదు దవాఖానలకు. ఒక కాపీ సర్కారుకు."

అతను కార్డు తిరిగి ఇచ్చాడు. మర్యాదగానే ఇచ్చాడు. "మా అమ్మకు ఫిట్స్ లేవు. తగ్గినయి. మల్ల రాకుండ్రి."

తిరిగొచ్చేటప్పుడు సొలొమోనన్న వాగు దగ్గర మోపెడ్ ఆపాడు.

"రెండేండ్ల సంది ఈ ఊరికొస్తున్న. ఇయ్యాల్టి దాంక నాకు చాయ ఇయ్యకుంట పంపలే. గ్రేసూ, ఒక మాట అడుగుత. మీ అక్క కార్డు మీద ఆ కాలం నింపినవా?"

నింపలేదు. ఖాళీగా వదిలేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

జూన్ 21, ఆదివారం

చర్చి అయ్యాక అక్క నన్ను వేపచెట్టు కిందకు లాక్కెళ్లింది. బోరంచ సంగతి రాత్రికే కల్హేర్ చేరిందట.

"ఏంది నువ్వు చేస్తున్నది? ఊరోళ్ల రెండు పేర్లు ఒక్క కాయితం మీద పెడుతున్నవా?"

"ఫిల్ములు కలవాలె అక్కా. నీవి గూడ. పాతది, కొత్తది కలిపి చూస్తే ఆపరేషన్ అవుసరమో కాదో తెలుస్తది."

"కలిపితే ఎవలెవలు చూస్తరు?"

చెప్పాను.

"అయితే కలుపకు. తలకాయ నా ఒక్కదానిదే. నౌకరీ ఇంటిల్లిపాదిది. అవ్వ గోలీలు, నీ కాన్వెంటు, ఆ ఇంటి మీద రేకులు, అన్ని నీలమ్మ జీతమే. హన్నమ్మ ఏం తెచ్చింది ఇంట్లకు?"

అక్క నా జడ సరిచేసి వెళ్లిపోయింది.

జూన్ 24

ఆ కాలం కొట్టేశాను. సార్ ఎందుకని అడిగారు. కార్డు మీద చోటు చాలలేదన్నాను.

జూన్ 29

సోలాపూర్ కట్ట విప్పాను. హన్నమ్మ, వయసు 24. పట్నం కట్ట పోయిన వారమే వచ్చింది. నీలమ్మ, 25. కరెంటు లేదు. రెండూ కిటికీకి ఆనించి చూశాను.

ఈ మధ్య నాకో అలవాటు వచ్చింది. ఫిల్ములో నుదుటి ఎముక లోపల గాలి గదులుంటాయి, నల్లగా. ఏ ఇద్దరివీ ఒకేలా ఉండవు. ఒకరివి రెక్కల్లా ఉంటాయి, ఒకరివి చిక్కుడు గింజల్లా. బజారులో పేషెంట్లు పలకరిస్తే నాకు ముఖాలు గుర్తుండవు. నుదుటి గదులు చూపిస్తే గుర్తుపడతాను. ఇవాళ మాత్రం అటు చూడలేదు. మచ్చ కోసమే చూశాను.

హన్నమ్మ ఫిల్ములో మచ్చ ఎడమవైపు ఉంది. నీలమ్మ ఫిల్ములో కుడివైపు.

అంటే పాతది పోయి ఇంకోవైపు కొత్తది వచ్చింది. లేదా రెండున్నాయి. అలాంటప్పుడు పెద్ద డాక్టర్లు చెప్పినట్టు చేయడమే నయం. కలిపినా ఒరిగేదేమీ లేదు. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

ఒక రకంగా మంచిదే.

జూన్ 30

మంచిదే.

జూలై 3

వీరప్ప గోలీల కోసం వచ్చాడు. కొన్నేళ్ల కింద బండి కాడి తగిలి నుదురు లోపలికి పోయింది. అప్పటి నుంచి ఫిట్స్. కుడి కనుబొమ మీద గుంట, నిమ్మకాయ పట్టేంత. సంతకు వచ్చినప్పుడల్లా మెట్లెక్కి వచ్చి కాసేపు కూర్చుంటాడు.

ఆయన కవరు తీశాను. సోలాపూర్ ఫిల్ములో గుంట ఎడమవైపు ఉంది. పట్నం ఫిల్ములో కుడివైపు.

మళ్లీ చూశాను. తర్వాత ఆయన ముఖం చూశాను. నేను మనిషి ముఖం అంతసేపు చూడటం ఆయనకే వింతగా అనిపించినట్టుంది.

"ఏందమ్మా, గుంట పూడిందా?"

"ఇంకోవైపు కూడా దెబ్బ తగిలిందా?"

"ఒక్క దెబ్బకే గిట్లయిన. రెండోది తగిల్తే నీతోని మాట్లాడుదునా?" తల ముందుకు వంచాడు. "పట్టుకొని చూడు. ఏం గాదు. నా మనుమలు అండ్ల గోటీలు పెట్టి ఆడుతరు."

పట్టుకుని చూశాను. గుంట ఒక్కటే. కుడివైపు.

లోపలి గదిలోకి వెళ్లి రెండు ఫిల్ములూ సార్ ముందు పెట్టాను. ఆయన లైటు పెట్టె వేశారు, ఆర్పారు, మళ్లీ వేశారు.

"హౌదు," అన్నారు చివరికి, అవునన్నట్టు. ఆయన తనలో తాను మాట్లాడుకునేటప్పుడు కన్నడం వస్తుంది. తర్వాత నాకు చెప్పారు. కొన్నిచోట్ల పేషెంటు కాళ్ల దగ్గర నిలబడి చూసినట్టు ఫిల్ము తీస్తారు, కొన్నిచోట్ల తల మీది నుంచి చూసినట్టు. ఇది డాక్టర్లందరికీ తెలిసిందే. అందుకే ఒక పక్కన కుడి అని గుర్తు వేస్తారు. మనకు పంపే కాపీల్లో అంచులు పోయాయి, అంచులతో పాటు గుర్తులూ పోయాయి. అందరూ ఒకే తీరు పంపుతున్నారనుకుని ఏడాదిగా ఎడమ, కుడి లెక్కలు కట్టారు.

"ఏడాది," అన్నారు ఇంకోసారి. టీ తాగి, ఐదు దవాఖానలకూ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఇకనుంచి ఫిల్ము ఎటు తిప్పి ఉందో కవరు మీద రాసి పంపాలి.

నేను నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. అక్క కవర్లు తీయలేదు.

జూలై 4

తీశాను. సోలాపూర్ ఫిల్మును తిరగేసి పట్నం ఫిల్ము పక్కన పెట్టాను.

మచ్చ ఒకటే. ఒకే చోట. పాతదాంట్లో శనగ గింజంత. కొత్తదాంట్లో ఆవగింజ కన్నా కాస్త పెద్దది.

అదే పోతోంది. కత్తి లేకుండా పోతోంది.

జూలై 5, ఆదివారం

అక్కకు చెప్పాను. నమ్మలేదు.

"పట్నం డాక్టరుకు తెల్వనిది నీకెట్ల తెలిసె?"

"ఆయన ఒక్క ఫిల్మే చూసిండు. నేను రెండు చూసిన."

"నువ్వు డాక్టరు గావు."

"సార్ డాక్టరే. ఆయనకు చెప్త."

"చెప్పి? హన్నమ్మ అంటే మా అక్కనే అని చెప్తవా?" గొంతు తగ్గించింది. "పిల్లలు నన్నెట్ల చూస్తున్నరో నీకెర్కనా? బోర్డు దిక్కు తిరిగితే చాలు, పడిపోతనేమో అని ముందు బెంచీలోళ్లు లేచి నిలవడ్తరు. కోసి తీసేస్తమంటే తీయని. పీడ పోతది."

"కోసినంక చెయ్యి పడిపోతే? మాట పోతే? కుడి దిక్కు కొయ్యబోయి ఎడమ దిక్కు కోస్తే?"

అక్క నా వైపు చూసింది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"నా పేరు మాత్రం రాయకు," అంది.

జూలై 9

మూడు రోజులు కాగితాల మీద గీసి గీసి చింపాను. ఇవాళ సార్‌కు చెప్పాను.

ఒక మనిషికి ఒక నంబరు. ఆ మనిషికి ఎన్ని పేర్లున్నా, ఎన్ని చోట్ల స్కాన్ తీసినా అదే నంబరు. ఫిల్ముల మీదా, కార్డుల మీదా, బయటికి వెళ్లే ప్రతి కాగితం మీదా నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో ఒక్క చోటే ఉంటుంది, ఒక రేకు డబ్బాలో. అది ఈ ఆఫీసు దాటదు. సర్కారు అడిగినా దాటదు.

"రెండు ఫిల్ములు ఒకరివేనని మిగతా వాళ్లు ఎలా నమ్మాలి?" అన్నారు సార్.

"నాకు తెలుసని నేను చెప్పాలి."

"సైన్సులో నాకు తెలుసు అంటే చెల్లదమ్మా."

తలుపు దగ్గర సొలొమోనన్న షూ విప్పుతున్నాడు. "మరి ఊర్లల్ల ఇంకోటి చెల్లదు సార్," అన్నాడు. "బోరంచల నాకు మల్ల చాయ దొరకాల్నంటే గిదే తొవ్వ."

సార్ కాగితం తన వైపు తిప్పుకున్నారు. ప్రతి దవాఖానలో ఒక్కరు బాధ్యులుండాలి, ఆ ఒక్కరే సంతకం పెట్టాలి, పేరు వాళ్లను ఎవరూ అడగకూడదు అన్నారు. "ఇక్కడ ఎవరు?"

"నేను."

"నీ దగ్గర అలా కలవాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"నలభై ఒకటి."

"నలభై ఒకటి ఎవరు?"

నేను కింద దుకాణంలో బస్తాలు దించే చప్పుడు విన్నాను. సార్ కూడా విన్నారు. తర్వాత, ఫిల్ములు తీసుకురా అన్నారు. చూశారు. పట్నం డాక్టరుకు తానే ఉత్తరం రాసిస్తానన్నారు.

జూలై 14

అంచులు పోయిన ఫిల్ముల్లోనూ లోపలి మూలలో పేరు తెల్లటి అక్షరాల్లో ఉంటుంది. దాని మీద నల్ల టేపు అంటించాను. వెలుతురుకు పెడితే టేపు కింద పేరు చదవొచ్చు. రెండు టేపులు వేశాను. అప్పుడూ చదవొచ్చు.

సార్ కత్తెర ఇచ్చారు. "కోసేశాక వెనక్కి రాదు. ఆ డబ్బా పోయిందంటే ఈ ఫిల్ము లోకంలో ఎవరిదీ కాదు. చూసుకో."

హన్నమ్మ మూల కత్తిరించాను. తర్వాత మిగతావన్నీ.

సొలొమోనన్న అంటాడు, "రేపు నీకు పెండ్లయి పోతవు. గా డబ్బను సారె కింద తీస్కపోతవా?"

జూలై 20

పట్నం వెళ్లాం. అక్కా, నేనూ. పొద్దుటి బస్సుకే.

పెద్ద డాక్టరు చుట్టూ విద్యార్థులున్నారు. ఉత్తరం చదివారు. పాత ఫిల్ము పైకెత్తారు.

"ఈ మూల ఏమైంది? ఎలుకలు కొరికాయా?"

విద్యార్థులు నవ్వారు.

"దీని మీద పేరు లేదు. పేరు లేని ఫిల్ము ఎవరిదైనా కావచ్చు. ఎవరిదో బొమ్మ చూసి నా పేషెంటు ఆపరేషన్ నేను ఆపలేను. పైగా మచ్చ రెండో పక్కన ఉంది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆయన కుర్చీలో నేనున్నా అదే అంటాను. పేరు కోసేసింది నేనే. ఇప్పుడు ఆ పేరు తప్ప ఇంకేదీ పనికొచ్చేలా లేదు. అక్క వైపు చూశాను. అక్క పెదవులు కదిలాయి. చెప్పేస్తుందని తెలిసింది.

"దాన్ని తిప్పి పెట్టండి సార్," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. ఆయన ఇంకో కేసు షీటు తీసుకుంటున్నారు.

"సార్, మా చెల్లె ఏందో చెప్తుంది," అంది అక్క, క్లాసులో గొంతుతో.

అందరూ నా వైపు తిరిగారు. లైటు పెట్టె దగ్గరికి వెళ్లి ఫిల్మును నేనే తిరగేశాను. సోలాపూర్‌లో కాళ్ల వైపు నుంచి తీస్తారు, మీరు తల మీది నుంచి తీస్తారు అన్నాను. ఇవి నుదుటి గదులు, చూడండి, పెద్దది ఒకటి, పక్కన చిన్నది, మధ్యలో గోడ వంకరగా ఉంది అన్నాను. మీ ఫిల్ములోనూ అదే వంకర. ఇంకెవరికీ ఇలా ఉండదు. నేను మూడు వందల తలలు చూశాను.

నా జీవితంలో ఒక్క ఊపులో ఇన్ని మాటలు మాట్లాడలేదు.

ఆయన దగ్గరికి వచ్చారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, రెండు ఫిల్ముల మధ్యా చాలాసేపు చూశారు. ఒక విద్యార్థిని పిలిచి గదులు కొలవమన్నారు. ఎవరూ నవ్వలేదు.

"తగ్గింది," అన్నారు. విద్యార్థులతోనే అన్నారు. తర్వాత అక్కతో, "ఫిట్స్ గోలీలు మానొద్దు. మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్. అప్పుడు మాట్లాడదాం. ఇప్పుడు ఆపరేషన్ లేదు."

షీటు మీద రాయబోతూ ఆగారు. "పాత స్కాన్ ఏ పేరు మీద తీశారు?"

"నంబరు రాయండి సార్," అంది అక్క. "నలభై ఒకటి. మాకు అదే ఉన్నది."

ఆయన అక్కను ఒకసారి, నన్ను ఒకసారి చూశారు. 41 అని రాశారు.

బస్సు జోగిపేట దాటింది. "నేను చెప్పెటిదాన్నే," అంది అక్క. "నోటిదాంక వచ్చింది. తల కోస్తరంటే నౌకరీ గిట్ల యాదికి రాదు గ్రేసూ. అనుకుంటం గని, రాదు."

తర్వాత నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బరువుగా ఉంది. కదల్లేదు.

జూలై 27

అక్క కల్హేర్‌లో పాఠం చెబుతోంది. ఇవాళ రాయడానికి ఇంతే.

ఆగస్టు 18

నాలుగు దవాఖానలు మా పద్ధతికి ఒప్పుకున్నాయి. నంబరు ముందు, తారీఖు తర్వాత, ఫిల్ము ఎటు తిప్పి ఉందో ఆ తర్వాత. వేరే కట్టల్లోంచి తీసినవి కూడా ఇప్పుడు ఒకే వరసలో నిలబడుతున్నాయి. ఐదోవాళ్లు ఇంకా బియ్యం సంచే. ఈసారి సంచి ఉతికి పంపారు.

సొలొమోనన్నకు బోరంచలో చాయ దొరికింది. అక్కడ మాకు పీట వేసిన పెద్దావిడ హన్మమ్మ తనంతట తానే ఆఫీసుకు వచ్చింది. తలుపు వేయించి, ఇంకో పేరు చెప్పింది. రాసి డబ్బాలో పెట్టి తాళం వేసేదాకా కూర్చుంది.

సెప్టెంబరు 11

జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. సర్కారు కాపీలో పేర్లు లేవని. సార్ నన్ను చూపించారు.

"సర్కారుకు గూడ చెప్పవా అమ్మా?"

"ఎంతమందికి తగ్గిందో చెప్తాను సార్. ఎవరికో చెప్పను."

"నీ పేరన్నా చెప్తవా?"

గ్రేస్ అన్నాను. నాకూ రెండోది ఉంది. ఆయన అడగలేదు.

కోపంగా వెళ్లాడు. మళ్లీ రాడని సార్ అంటారు. వస్తాడని సొలొమోనన్న అంటాడు. డబ్బా తాళంచెవి మెడలో వేసుకున్నాను.

అక్టోబరు 22

అక్క ఒక్కతే పట్నం వెళ్లి స్కాన్ తీయించుకుంది. నేను రావద్దంది. ఫిల్ము మన దగ్గరికే వస్తుంది గద అంది. ఏప్రిల్ తర్వాత మళ్లీ ఫిట్స్ రాలేదు. ఏమీ అనుకోవడం లేదు. వేరే పని చాలా ఉంది.

అక్టోబరు 26

తపాలా రాలేదు.

అక్టోబరు 27

రాలేదు.

అక్టోబరు 29

వచ్చింది.

లైటు పెట్టె మీద పెట్టాను. నుదుటి గదులు చూశాను, పెద్దది, చిన్నది, వంకర గోడ. అక్కే. తర్వాత మచ్చ ఉండాల్సిన చోట చూశాను. తిరగేసి చూశాను. పై ఫిల్మూ కింది ఫిల్మూ చూశాను. ఎక్కడా లేదు.

ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసి సంతకం పెట్టేదాకా ఫలితం ఆఫీసు దాటకూడదు. ఈ నియమం రాసింది నేనే. సార్ సోమవారం దాకా బీదరులో ఉంటారు.

మూల కత్తిరించి, ఫిల్మును 41 కవర్లో పెట్టి, తాళం వేసి, కల్హేర్ బస్సెక్కాను.

అక్క బోర్డు మీద రాస్తోంది. పిల్లలు గట్టిగా ఎక్కం చదువుతున్నారు. నేను గుమ్మంలో నిలబడగానే అక్క తిరిగి చూసింది. సుద్దముక్క ఆగిపోయింది. ఎలాంటి వార్తకైనా నా ముఖం ఒకలాగే ఉంటుందని అవ్వ తిడుతూ ఉంటుంది. నవ్వడం అప్పటికి గుర్తుకు రాలేదు. తల అడ్డంగా ఊపాను. అది ఇంకా తప్పు. అక్క కుర్చీ పట్టుకుంది.

"లేదు," అన్నాను. "మచ్చ లేదక్కా. పోయింది."

అక్క కుర్చీలో కూలబడింది. ముఖం చేతుల్లో పెట్టుకుంది. ఎక్కం ఆగిపోయింది. ముందు బెంచీ పిల్లలు అప్పుడే లేచి నిలబడ్డారు, పట్టుకోవడానికి. ఒక పిల్ల చేతులు చాచింది కూడా.

"టీచర్, మల్ల పడిపోతున్నరా?"

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"లేదు. ఇగ పడ. కూసోండ్రి," అంది. "పదమూడో ఎక్కం. ఏడ ఆపినం?"